ఆక్సీమీటర్ 95 చూపిస్తే సరిపోదు

ఇంగ్లండ్‌లో న్యుమోనియాతో పడ్డాను. జ్వరం, కుడి డొక్కలో పోటు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అక్కడి వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చేస్తే "పెదవులు నీలంగా మారాయా?" అనడిగారు. నాలాంటి నల్లటి ఒంటివాళ్లకి పెదవుల మీద ఆ నీలం సరిగ్గా తెలీదు. నాలుక, పెదవి లోపలివైపు, అరచేతులు చూడాలి. ఆసుపత్రిలో ఆక్సీమీటర్, అదే వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే క్లిప్పు, 95 చూపించింది. అంతే, నా ఆయాసం "కంగారు" కింద నమోదైపోయింది.

ఆ క్లిప్పు రెండు రకాల కాంతిని, ఒకటి ఎరుపు, ఒకటి పరారుణం, వేల్లోంచి పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి శాతం కడుతుంది. చర్మంలోని మెలనిన్ దాని లెక్కను చెడగొట్టొచ్చు. 2020లో అమెరికాలో వెలువడిన పరిశోధన చూడండి: యంత్రం 92 నుంచి 96 మధ్య చూపించినప్పుడు, రక్తంలో నిజంగా 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు నల్లవాళ్లలో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. బ్రిటన్‌లో మార్గరెట్ వైట్‌హెడ్ నడిపిన సమీక్ష నివేదిక 2024 మార్చిలో వచ్చింది, అదీ ఈ లోపాన్ని ఎత్తిచూపింది. యంత్రానికి పక్షపాతం తెలీదు. రోగి మాట పక్కనబెట్టి అంకెనే నమ్మడం మాత్రం మనుషుల పనే.

నేను రెండే అడిగాను: నిమిషం నిండా శ్వాసలు లెక్కపెట్టండి, ధమని రక్తం తీసి అందులో ఆక్సిజన్ నేరుగా కొలవండి. శ్వాసలు 26 వచ్చాయి. రోగి పరిస్థితి ఎంత విషమిస్తే అన్ని ఎక్కువ మార్కులేసే న్యూస్2 పట్టికను అక్కడి ఆసుపత్రులు వాడతాయి. అందులో శ్వాసలు 25, ఆపైన ఉంటే ఆ ఒక్కదానికే 3 మార్కులు. మణికట్టులో సూది గుచ్చితే ప్రాణం జివ్వుమంటుంది, ఓర్చుకోవాలి. ఆ రక్తంలో ఆక్సిజన్ పీడనం 7.6 కిలోపాస్కల్ (ఇది శాతం కాదు, వేరే కొలత); 8 కన్నా తగ్గితే శ్వాస వైఫల్యమే. అప్పుడు ఆక్సిజన్ పెట్టారు, యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించారు.

ఇంట్లో చూసుకునేటప్పుడు గోళ్లరంగు తీసేయండి, గోరింటాకు లేని వేలు ఎంచుకోండి. 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి వెచ్చబరచుకుని, అంకె నిలకడగా నిలిచాకే రాసుకోండి. ఒక్క అంకె చూసి ధైర్యపడొద్దు. ఒంట్లో బాగున్న రోజు 98 ఉండే మనిషికి 95 అంటే దిగినట్టే.

కోలుకోవడానికి టైం పడుతుంది. జ్వరం వారంలో పోతుంది. దగ్గు, ఆయాసం 6 వారాలకి చాలావరకు తగ్గుతాయి. నీరసం 3 నెలలైనా వదలకపోవచ్చు. మధ్యలో ఆయాసం మళ్లీ పెరిగితే అది నీరసం అనుకోకండి, వెళ్లి చూపించుకోండి.

ఇక ఫిర్యాదు. ముందుగా మీ వైద్య రికార్డుల కాపీ రాతపూర్వకంగా అడగండి. ఉచితం, మామూలుగా నెలలో ఇవ్వాలి. అందులో ఏ టైంకి ఏ అంకె, ఎవరేం రాశారన్నది ఉంటుంది, "కంగారు" అన్న మాటతో సహా. ఆసుపత్రికి ఫిర్యాదు 12 నెలల్లోపు పెట్టాలి. జవాబు నచ్చకపోతే ఆరోగ్య అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: జాతి వివక్ష అని 2010 సమానత్వ చట్టం కింద కౌంటీ కోర్టుకెక్కాలంటే గడువు 6 నెలలకి ఒక రోజు తక్కువ. ఆసుపత్రి జవాబు కోసం ఎదురుచూస్తున్నా ఆ గడువు ఆగదు.