వాగ్దానపు కార్డు, ఏడేళ్ల ప్రిపరేషన్

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో నాకు ఎస్‌జీటీ పోస్టు, అంటే చిన్న తరగతుల టీచర్ ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను రాయాలనుకున్నది పోస్టు రాని ఏడేళ్ల గురించి. పుస్తకం తెరిచి పెట్టుకుని "అసలు ఎందుకు చదువుతున్నాను?" అనుకుంటూ కూర్చున్నవాళ్లు ఉంటారు కదా, ఇది వాళ్ల కోసం.

2018 డీఎస్సీకి అవనిగడ్డలో కోచింగ్ తీసుకున్నాను. ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. పరీక్షకు ముందు డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు ఊరెళ్లాను. అర్ధరాత్రి దాటాక అందరం పళ్లెంలోంచి ఒక్కో వాగ్దానపు కార్డు తీసుకున్నాం, కొత్త సంవత్సరానికి దేవుడిచ్చే మాటగా బైబిలు వచనం రాసి ఉండే కార్డు అది. నాకు ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోని మాట వచ్చింది, తలగా ఉంచుతాడు గానీ తోకగా ఉంచడు అని. ఇంకేముంది, ర్యాంకు ఖాయమనుకున్నాను. ఆ కార్డు సైకాలజీ పుస్తకంలో పెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కాను.

ఒక్క మార్కు లోపు తేడాతో పోస్టు పోయింది.

నాలుగు వారాలు మందిరానికి వెళ్లలేదు. వెళ్తే "వచ్చిందా అమ్మా?" అని అడుగుతారు. అమ్మ నా కోసం ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేది, ఆమె ముఖం చూడడమే కష్టంగా ఉండేది. దేవుడు మాట తప్పాడని గట్టిగా అనే ధైర్యం లేదు. లోపల మాత్రం అదే నలుగుతోంది. మోటివేషన్ వీడియోలు చూశాను. చూసిన రోజు పన్నెండు గంటలు చదివేదాన్ని, నాలుగో రోజుకి మళ్లీ మామూలే. ఆ వీడియోలన్నీ చూపించేది ఉద్యోగం వచ్చిన తర్వాతి జీవితాన్నే. ఉద్యోగం దూరమైతే వాటి బలమూ పోతుంది.

ఒకరోజు మా పాస్టర్ అయ్యగారు ఇంటికొచ్చారు. నన్నేమీ ఓదార్చలేదు. "యిర్మీయా 29లో 11వ వచనం వచ్చా?" అని అడిగారు. వచ్చన్నాను. మనలో చాలామంది ఇళ్లల్లో గోడ మీద ఉండే వచనమే అది, సమాధానకరమైన ఉద్దేశాల గురించి. "అయితే ఆ అధ్యాయం మొదటి నుంచి చదువు" అన్నారు. చదివాను. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా రాసిన ఉత్తరం. రేపో మాపో ఇంటికెళ్తామని ఎదురుచూస్తున్నవాళ్లకు డెబ్బై ఏళ్లు పడుతుందని చెబుతాడు. అప్పటిదాకా ఏం చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. నేను గోడ మీద చూసిన వచనం ఆ మాటల తర్వాతే వస్తుంది. అన్నేళ్లూ నేను చివరి మాట మాత్రమే పట్టుకున్నాను.

మరి నా తోట ఏది? ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. జీతం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. సాయంత్రాలు మా కాలనీ పిల్లలకు ట్యూషన్, ఆదివారం సండే స్కూలు.

సండే స్కూల్లో నాలుగో తరగతి పిల్లాడు ఒకడు ఉండేవాడు. కంఠత వాక్యం అందరితో కలిసి గట్టిగా చెప్పేసేవాడు. పుస్తకం ఇచ్చి చదవమంటే నోరు పెగిలేది కాదు. "క్రీస్తు" అనే మాట దగ్గర వేలు పెట్టి ఆగిపోయేవాడు. కకు గుడి దీర్ఘం తెలుసు, కింద రావత్తు తెలీదు. నేను పక్కన కూర్చుని "కీ" అనిపించి, అర చేతితో మిగతాది మూసి, తర్వాత వత్తు చూపించి "క్రీ" అనిపించేదాన్ని. ఇలా ఆరు వారాలు. ఒక ఆదివారం నా వేలు లేకుండానే మొత్తం వాక్యం చదివి, తల పైకెత్తి నా వైపు చూశాడు. సైకాలజీలో వైగోట్‌స్కీ చెప్పిన జెడ్‌పీడీ అనే భావన గురించి ఎన్ని బిట్లు (ఆబ్జెక్టివ్ ప్రశ్నలు) చేశానో లెక్క లేదు. పిల్లాడు ఒంటరిగా చేయలేనిది, పక్కన ఒకరుంటే చేయగలిగేది అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత ఆ టాపిక్‌లో ఒక్క బిట్ కూడా తప్పుపోలేదు.

మా నాయనమ్మ మిషన్ బడిలో అక్షరాలు దిద్దుకుంది. మా ఇంట్లో చదవడం వచ్చిన మొదటి మనిషి ఆమే. గుంటూరుకు 1842లో మిషనరీ హేయర్ దొరగారు వచ్చిననాటి నుంచి ఆ బళ్లలో ఎవరో ఒకరు మాలాంటివాళ్ల పక్కన అలా వేలు పెట్టి కూర్చున్నారు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు తెలియవు. టీచర్ అవ్వాలన్న కోరిక నాలో అప్పుడే వేరే రూపం తీసుకుంది. పోస్టు కావాలి, నిజమే, ఇల్లు గడవాలి. కానీ పని మాత్రం ముందే మొదలైపోయింది.

2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి ఆగిపోయినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఎంత ఏడ్చారో నాకు తెలుసు. నేనూ బాధపడ్డాను. మర్నాడు మాత్రం పుస్తకం తీశాను. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు వచ్చేసరికి స్కూలు పుస్తకాలు రెండుసార్లు తిరగేసి ఉన్నాను. ఉదయం నాలుగున్నరకు పావుగంట ప్రార్థన, తర్వాత సైకాలజీ. ఆదివారం మధ్యాహ్నం దాకా చదువు లేదు, పరీక్ష ముందు ఆదివారం కూడా. ప్రార్థన చేశాం కదా అని చదవకపోతే కుదరదు. పరీక్షలో 160 బిట్లు, 80 మార్కులు, రెండున్నర గంటలు. బిట్‌కు నిమిషం కూడా ఉండదు, ప్రాక్టీసు లేకుండా ఎవరికీ సాగదు. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు ఏది చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమంటాడు. మార్కులు దిద్దేది ఎవరైనా, నా చదువును చూసేది ఆయనే అనుకున్నాక టెన్షన్ చాలా తగ్గింది.

ఇంకొక్క మాట. అవనిగడ్డ గదిలో నాతో ఉన్న అక్క కూడా ఇన్నేళ్లూ ప్రార్థన చేసింది, నాకంటే ఎక్కువే చేసింది. ఆమెకు ఈసారి రాలేదు. నాకు వచ్చింది కాబట్టి నా విశ్వాసం గొప్పదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమె మళ్లీ చదువుతోంది, వాళ్ల ఊళ్లో పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. శనివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి ఇరవై బిట్లు అడుగుతాను. పోయిన వారం పద్దెనిమిది చెప్పింది. ఫోన్ పెట్టేసే ముందు ఇద్దరం ప్రార్థన చేసుకుంటాం, ముందు ఆమె, తర్వాత నేను.