ఫ్రస్ట్రేషన్ అని దేన్ని అనాలి

మా కోనసీమ కుర్రాళ్లకు ఇప్పుడు ప్రతిదీ ఫ్రస్ట్రేషనే: రావులపాలెం బస్సు ఆలస్యమైనా, కరెంటు పోయినా, ఫోనుకు సిగ్నల్ అందకపోయినా అదే మాట. బస్సు కోసం నిలబడినవాడికి కలిగేది విసుగు, మహా అయితే చిరాకు. పని పూర్తయ్యే వేళకు అడ్డు తగిలి, దాన్ని తొలగించే శక్తి లేక, పోనీ తిడదామన్నా తప్పు ఫలానావాడిదని చెప్పే వీలు లేక లోలోపల రగిలే కోపానికే ఆ పేరు చెల్లుతుందని నా అభిప్రాయం.

లాటిన్‌లో ‘ఫ్రుస్ట్రా’ అంటే వృథాగా అని. ఇంగ్లీషు మాటకు మూలం అదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షన్ గురించి వకీళ్లు మాట్లాడేటప్పుడు కూడా ఈ మాటే వాడతారు. ఒప్పందం కుదిరిన తర్వాత, ఇరుపక్షాల తప్పూ లేకుండానే పని అసాధ్యమైపోతే, ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది.

కోతల వేళ వాన పడితే ఈ మాట అర్థం కళ్లకు కడుతుంది. మా ఊళ్లో ఒక కౌలు రైతు రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుని, మబ్బు పట్టినప్పుడల్లా బరకాలు కప్పుతూ, ఎండ రాగానే తీసి కాళ్లతో గింజలను తిరగేస్తూ కనిపించాడు. తీరా కొనుగోలు కేంద్రంలో గుప్పెడు గింజలు పోసి చూస్తే తేమ 19 శాతం వచ్చింది, నిబంధన 17. యంత్రం అబద్ధం చెప్పలేదు, చూసిన కుర్రాడికి నిబంధన సడలించే అధికారం లేదు. “ఎవర్ని తిట్టుకోమంటారండీ?” అన్నాడాయన. వాన పడిందని కౌలు బస్తాలు తగ్గవు కదా! మన తెలుగు మాట ఉక్రోషం ఫ్రస్ట్రేషన్‌కు దగ్గరి చుట్టమే గానీ, ఉక్రోషానికి ఎదురుగా ఒక మనిషి కావాలి.

ఫ్రస్ట్రేషన్ దాడికి దారితీస్తుందని 1939లో యేల్ విశ్వవిద్యాలయ పండితులు ప్రతిపాదించారు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు ధర లేక, పెట్టుబడి ఖర్చు పెరిగి విసిగిపోయిన కోనసీమ రైతులు మాత్రం ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు; పంట విరామం ప్రకటించి, నాట్లు మానేసి, పొలాలను బీడు పెట్టారు.