ఇంటి చదువుకు ఆన్‌లైన్ సిలబస్: మా అనుభవం

విజయవాడలో పిల్లలను బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నామని చెబితే, ఎదుటివారు మొదట అడిగేది “ఎక్కడా సీటు రాలేదా?” అనే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో చీకటిపడే దాకా కూర్చోబెట్టే పద్ధతి మా అమ్మాయికి సరిపడదని తేలిపోవడంతో, ఐదో తరగతి కాగానే టీసీ తీసుకున్నాం. మూడో తరగతికి వచ్చిన బాబును కూడా ఇంట్లోనే ఉంచాం. మావయ్యగారు అభ్యంతరం చెప్పలేదు గానీ, “చదువు సంగతి సరేనమ్మా, రేపు సర్టిఫికెట్ ఎవరిస్తారు?” అని అడిగారు. దానికి జవాబు దొరికాకే సిలబస్ వెతకడం మొదలుపెట్టాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది, కానీ చేర్పించనివారికి శిక్షేమీ నిర్ణయించలేదు. 14 ఏళ్లు నిండిన వారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే అందరూ ఎన్ఐఓఎస్ అనే సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్–మేలోనూ అక్టోబరు–నవంబరులోనూ జరుగుతాయి. తెలుగు మాధ్యమం కూడా ఉంది. మావయ్యగారికి ఈ మాత్రం చాలింది.

మొదట డబ్బు కట్టి తీసుకున్నది అమెరికా పిల్లల కోసం తయారైన సిలబస్. బొమ్మలు, పాఠాల వరుస, వారం వారం వచ్చే నివేదిక అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. అయితే లెక్కల్లో అడుగులు, పౌండ్లు, సెంట్లు తప్ప మరొకటి కనిపించదు. ఒకరోజు బాబుకు “బయట 45 డిగ్రీలు ఉంది, ఏం వేసుకుని వెళ్తావు?” అనే ప్రశ్న వచ్చింది. మే నెల బెజవాడలో పెరిగిన పిల్లవాడు కనుక వాడు పల్చని నూలు చొక్కా బొమ్మను ఎంచుకున్నాడు, తప్పని ఎర్రగీత పడింది. అది ఫారెన్‌హీట్ అనీ, మన లెక్కలో ఏడు డిగ్రీల చలి అనీ నేను వివరించేసరికి, “మరి మనూళ్లో ఎప్పుడొస్తుంది ఆ చలి?” అన్నాడు. గడువు ముగిశాక ఆ చందాను పొడిగించలేదు.

ఆ తరువాత లెక్కలకు ఖాన్ అకాడమీ అనే వెబ్‌సైట్, సైన్సుకూ సోషల్‌కూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పెట్టుకున్నాం. రెండూ ఉచితంగా దొరుకుతాయి, ఖాన్ అకాడమీలో మన తరగతుల వారీగా లెక్కల పాఠాలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషులో ఏదైనా అర్థం కానప్పుడు రాష్ట్ర ప్రభుత్వ ద్విభాషా పాఠ్యపుస్తకం ఆదుకుంటుంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే విషయం తెలుగులో ఉంటాయి. ఇంట్లో చదివించే వారికి ఇంతకన్నా పనికొచ్చే పుస్తకం నాకు కనిపించలేదు.

వీడియో చూసి క్విజ్ చేయడమనే వరుసను మాత్రం మేము తిరగేశాం. పిల్లలు ముందు యూనిట్ టెస్టు రాస్తారు, తప్పు పోయిన అంశాల వీడియోలే చూస్తారు. దీనివల్ల తెర ముందు గడిపే సమయం బాగా తగ్గింది. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలతో వేరే చిక్కు ఉంది. 3/4కు 1/6 కలపమన్నప్పుడు అమ్మాయి నోటుబుక్కు తెరవకుండానే 11/12 అని సరిగ్గా గుర్తించింది. ఎలా చేశావని అడిగితే, “4/10 అయితే ముప్పావు కంటే తగ్గిపోతుంది కదమ్మా, మిగతా రెండూ ఒకటి దాటిపోయాయి” అంది. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కానీ జవాబు టైపు చేయవలసిన తరువాతి లెక్క దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే హారాలను సమానం చేయడం ఇంకా రాలేదు. అందుకని ఏ లెక్కయినా కాగితం మీద చేసి నాకు చూపాకే తెర మీద జవాబు నొక్కాలని నియమం పెట్టాను. కంప్యూటర్ తప్పొప్పులు చెబుతుందే తప్ప, ఏ మెట్టు దగ్గర తడబడ్డారో పుస్తకంలో గీతలు చూస్తేనే తెలుస్తుంది.

తెలుగును పూర్తిగా అత్తయ్యగారే చూసుకుంటున్నారు. రోజూ దినపత్రికలోంచి ఒక పేరా డిక్టేషన్ చెప్పి, ఒత్తులు తప్పితే ఆ మాటను మళ్లీ రాయిస్తారు. బాబుకు ఆమె అంటే భయం, నేనంటే లేదు.

ఇప్పుడు అమ్మాయి పదమూడో ఏట ఉంది. ఎన్ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి కనుక తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్ అని అనుకున్నాం. అక్కడ మూడు గంటలపాటు చేత్తో రాయవలసి ఉంటుంది కాబట్టి, ఈ ఏడాది నుంచి శనివారాలు కంప్యూటర్ జోలికి పోకుండా పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టి రాయిస్తున్నాను. సోషల్లో ఐదు మార్కుల జవాబులు ఇంకా రెండు వాక్యాల్లోనే తేల్చేస్తోంది.