కాన్పు పుట్టింట్లో, పేరు అత్తింట్లో

మా బాబు పుట్టిన తొమ్మిదో రోజున ఫోను మోగింది. అవతల మా అత్తగారి ఊరి ఆశా కార్యకర్త. "ఏమ్మా, రెండుసార్లు మీ ఇంటికి వెళ్లి వచ్చాను. మొదటిసారి తాళం, రెండోసారి మీ అత్తగారు ఒక్కరే ఉన్నారు. పిల్లవాడిని చూడకుండా నేను ఏమని రాయాలి?" అన్నారు. ఆవిడ మాట్లాడుతున్నది వశిష్ఠ గోదావరికి అవతల, నరసాపురం వైపు నుంచి. నేను ఉన్నది ఇవతల, సఖినేటిపల్లి వైపు, మా అమ్మావాళ్ల ఇంట్లో. నది దాటించే పంటు ఎక్కితే కొద్ది నిమిషాల దూరం. కాగితాల మీద మాత్రం ఆ ఒడ్డు పశ్చిమగోదావరి జిల్లా, ఈ ఒడ్డు కోనసీమ జిల్లా.

ఆ ఫోను వచ్చేదాకా నన్ను చూడటానికి ఇంటికి ఎవరైనా రావాలన్న సంగతే నాకు తెలియదు. ఆవిడే చెప్పారు. ఆసుపత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, మొత్తం ఆరుసార్లు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలట. ఇంట్లోనే కాన్పైతే మొదటి రోజు కూడా కలిపి ఏడు. తర్వాత మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి మరో ఐదుసార్లు. ఈ ఐదూ 2018లో కలిపినవి. "మీవాడు పుట్టినప్పుడు రెండు కిలోల రెండు వందల యాభై అని నా జాబితాలో ఉంది. రెండున్నర లోపు పిల్లలను వదలకూడదు. అక్కడ ఎవరైనా చూస్తున్నారా?" అని అడిగారు. ఎవరూ చూడటం లేదు.

మా వైపు తొలికాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలో శ్రీమంతం చేసి తీసుకువస్తారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో రాగానే సారెతో పంపుతారు. గోదావరికి రెండు వైపులా ఈ సంగతి తెలియని మనిషి ఉండరు. తెలియనిది ఆ జాబితాకే. మూడో నెలలో అత్తగారి ఊరి గ్రామ సచివాలయంలో నర్సమ్మగారు నా పేరు నమోదు చేసి, పన్నెండు అంకెల నంబరు ఇచ్చి, తల్లీబిడ్డల కార్డు చేతిలో పెట్టారు. ప్రతి నెలా రక్తపోటు, బరువు, ఇనుము మాత్రలు, అన్నీ సక్రమంగానే జరిగాయి. ఏడో నెలలో సంచి సర్దుకుని వచ్చేటప్పుడు కార్డు తెచ్చుకున్నాను గానీ, వెళ్తున్నానని అక్కడ ఒక్క మాట చెప్పలేదు. ఆ ఒక్క మాటా చెప్పి ఉంటే నేను ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. పుట్టింటికి బయలుదేరే ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, బయలుదేరే ముందే అక్కడి నర్సమ్మకు చెప్పి, వచ్చిన మర్నాడే ఇక్కడి నర్సమ్మకు కార్డు చూపించండి.

కాన్పు ఇటువైపు ప్రభుత్వ ఆసుపత్రిలో. మూడో రోజున తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి మమ్మల్ని ఇంటి గుమ్మం దాకా దించి వెళ్లింది. ఆసుపత్రి నుంచి కబురు మాత్రం నా నంబరును పట్టుకుని నది దాటి అవతలికి పోయింది.

ఈ సంగతి విని అమ్మ నవ్వింది. "మా రోజుల్లో నర్సమ్మకు జాబితా ఎందుకు? వీధిలోకి రాగానే సాంబ్రాణి వాసన ఏ ఇంటి నుంచి వస్తే ఆ ఇంటికి వచ్చేది" అంది. అప్పట్లో ఐదు వేల మందికి ఒక నర్సమ్మ. ఆవిడ పైన హెల్త్ విజిటరు అని ఒకావిడ పెద్దాసుపత్రి నుంచి ఎప్పుడో ఒకసారి గొడుగు వేసుకుని వచ్చేదట. ఇప్పుడు మనుషులు తక్కువేమీ కాదు. 2019 అక్టోబరులో సచివాలయాలు వచ్చాక సుమారు రెండు వేల జనాభాకు ఒక ఏఎన్‌ఎం, అంటే నర్సమ్మ, ఉన్నారు, ఆశాలు ఉన్నారు, అంగన్‌వాడీ టీచరు ఉన్నారు, నర్సింగు చదివిన ఇంకొకరు క్లినిక్‌లో కూర్చుంటున్నారు. ఆ క్లినిక్ గోడ మీద బోర్డు నాకు ఊహ తెలిశాక రెండుసార్లు మారింది. ముందు సబ్‌సెంటరు, తర్వాత విలేజ్ క్లినిక్, ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం. మా నాన్నకు అది ఇప్పటికీ "సూదులు వేసే గది".

పదకొండో రోజు పొద్దున్న, పురుడు స్నానానికి నీళ్లు కాగుతుండగా, మా ఊరి ఆశా కార్యకర్త వచ్చారు. అంతకుముందు రోజు నాన్న చేపల చెరువు గట్టు మీద ఆవిడ భర్తకు మాటవరసకు చెప్పాడట. అంతే. ఆవిడ జాబితాలో నేను లేను, ఆవిడ ఫోనులో నా పేరు కొడితే రాదు. సంచి భుజాన వేసుకుని వచ్చేశారు.

సంచిలోంచి స్ప్రింగు త్రాసు, గుడ్డ జోలె బయటికి తీయగానే అమ్మ అడ్డం వచ్చింది. పసివాడిని తూస్తే దిష్టి అని అమ్మ పట్టు. ఆవిడ వాదించలేదు. "సరే పిన్నిగారూ, ముందు చేతులు కడుక్కుంటాను" అని పెరట్లోకి వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చి, నన్ను అడిగి పాలు పట్టమన్నారు. కాసేపు చూసి, "నోరు చనుమొన మీదే ఉంది, నల్లని భాగం కూడా నోట్లోకి పోవాలి" అని వాడి తల కింద నా చేతిని సర్దారు. నొప్పి తగ్గింది. తొమ్మిది రోజులుగా పళ్లు బిగించి భరిస్తున్న నొప్పి అది. అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. తర్వాత చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టారు. యాభై రెండు. "అరవై దాటినా, డొక్కలు ఎగరేసినా నన్ను పిలవకండి, నేరుగా 108కి చేయండి" అన్నారు. బొడ్డు చూశారు, అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయేమో చూశారు. ఇదంతా అయ్యాక, ఏదో జ్ఞాపకం వచ్చినట్టుగా, జోలెలో వేసి త్రాసు ఎత్తారు. అమ్మ అప్పటికి వంటింట్లో ఉంది.

రెండు కిలోల వంద.

పుట్టిన వారంలో బరువు కొంత తగ్గడం మామూలే గానీ, రెండు వారాలు నిండేసరికి మళ్లీ పుట్టిన బరువుకు రావాలట. ఇంకా మూడు రోజులు ఉంది. నాకు చెమట పట్టింది. ఆవిడ గొంతు పెంచకుండా ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. ఎన్ని గంటలకోసారి పాలు? ఏడిస్తేనే. మధ్యలో ఇంకేమైనా పడుతున్నారా? ఆముదం రెండు చుక్కలు, అమ్మ గూట్లో సీసా ఉంది. నువ్వు ఏమి తింటున్నావు? పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. మంచినీళ్లు? పగలు రెండు గ్లాసులు, పథ్యం కదా.

అప్పుడు మాత్రం ఆవిడ వంటింటి వైపు చూసి గట్టిగానే అన్నారు: "పిన్నిగారూ, నీళ్లు తాగనివ్వకుండా పాలు రమ్మంటే ఎక్కడి నుంచి వస్తాయి?" అమ్మ జవాబు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం నా మంచం పక్కన చెంబు నిండా కాచి చల్లార్చిన నీళ్లు ఉన్నాయి. ఆముదం సీసా గూట్లో లేదు. దాని గురించి ఆ తర్వాత ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

రెండు గంటలకోసారి, నిద్రపోతుంటే లేపి మరీ పాలు ఇవ్వమన్నారు. బట్టలు లేకుండా, టోపీ మేజోళ్లతో, నా గుండెల మీద ఆనించి పైన దుప్పటి కప్పుకుని ఎంతసేపు ఉండగలిగితే అంతసేపు ఉండమన్నారు. దీన్ని కంగారూ సంరక్షణ అంటారట. ఆదివారం మా ఆయన పంటు దిగి వచ్చినప్పుడు ఆయన చేత కూడా చేయించాను. చొక్కా విప్పి మంచం మీద బిగుసుకుపోయి కూర్చున్న ఆయనను చూసి మా చెల్లి బయటికి పరుగెత్తి నవ్వింది. పద్నాలుగో రోజుకు రెండు కిలోల రెండు వందలు; పుట్టిన బరువుకు కొంచెం తక్కువే, అయినా పైకే. ఇరవై ఒకటో రోజుకు రెండు కిలోల నాలుగు వందలు.

ఇక కాగితాల పని. ఇది త్వరగా చెబుతాను, ఎందుకంటే చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. నాన్న మా ఊరి సచివాలయానికి మూడుసార్లు వెళ్లాడు. మొదటిసారి, "మీ అమ్మాయి మా పరిధిలో లేదు, కుటుంబం మ్యాపింగు అక్కడ ఉంది" అన్నారు. రెండోసారి నర్సమ్మగారు వేరే ఊరిలో టీకాలకు వెళ్లారు. మూడోసారి ఆవిడ దొరికి, అక్కడివారు నా పేరు వదిలితేనే ఇక్కడివారు తీసుకోగలరని విడమరిచి చెప్పారు. చివరికి పని జరిగింది నాన్న తిరగడం వల్ల కాదు. మా ఊరి ఆశా కార్యకర్త నా ఫోను తీసుకుని, తొమ్మిదో రోజున నాకు వచ్చిన నంబరుకు చేశారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఆ ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకుని, తమ తమ నర్సమ్మలను ఒకే సమయానికి ఫోనులో కూర్చోబెట్టారు. ఇరవై ఆరో రోజున నా పేరు నది దాటింది.

నా కార్డు ఇప్పుడు తీసి చూస్తే 3, 7 గడులు ఖాళీ. 14, 21 పెన్నుతో రాసి ఉన్నాయి. 28, 42 మాత్రమే ఫోనులోకీ ఎక్కాయి. ఆ పదకొండో రోజు పట్టే గడి అందులో లేనే లేదు. ఈ ఆరు సందర్శనలకూ కలిపి కేంద్రం లెక్కలో ఆశా కార్యకర్తకు 250 రూపాయలు. అందులో మా బాబు వంతు ఎవరి ఖాతాలో పడిందో, అసలు పడిందో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆశ్చర్యమేమిటంటే టీకాలకు ఈ గొడవ ఏదీ లేదు. ఆరు వారాలు నిండిన బుధవారం క్లినిక్‌కు తీసుకువెళ్తే, నర్సమ్మగారు నా ఫోను నంబరు అడిగి, టీకాల లెక్క ఉండే యూ-విన్‌లో కొట్టారు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ సూది అన్నీ వచ్చేశాయి. తొడలకు రెండు, చేతికి ఒకటి, నోట్లో పోలియో చుక్కలు, రోటా మందు. అరగంట కూర్చోబెట్టి పంపారు. టీకా మనిషి వెంట వస్తుంది, పలకరింపు మాత్రం ఇంటి నంబరు దగ్గరే ఆగిపోతుంది. ఇది ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అంగన్‌వాడీ సంగతి ఇంకో రకం. బాలింతలకు ఇచ్చే గుడ్లు, పాలు, పప్పు తీసుకోవాలంటే 2025 జూలై ఒకటి నుంచి ముఖం చూపించాలి. టీచరుగారు ఫోను పట్టుకుని "కళ్లు మూసి తెరువమ్మా" అంటారు. నేను మూసి తెరుస్తాను. ఆధార్‌లో ఉన్నది ఇంటర్ చదివేటప్పటి నా ఫోటో, రెండు జడలతో. ఇప్పుడు నిద్రలేక వాచిన ఈ ముఖం దానితో కలవదు. కొబ్బరిచెట్ల కింద సిగ్నలు అందక అరుగు మీదికి, అక్కడి నుంచి రోడ్డు మీదికి వెళ్లి మళ్లీ మూసి తెరిచాను. నాలుగోసారికి ముఖం కలిసింది. అప్పుడు ఓటీపీ అడిగింది. అది నాన్న ఎప్పుడో మానేసిన పాత నంబరుకు పోయింది. అమ్మ నన్ను రెండో నెల దాకా ఊరు దాటనివ్వలేదు కాబట్టి, తర్వాత ఆధార్ కేంద్రానికి వెళ్లి, వేలిముద్రలు వేసి, అప్పటి రుసుము యాభై రూపాయలు కట్టి నంబరు మార్పించుకునేసరికి జూలై సరుకులు పోయాయి. టీచరుగారి మీద నాకు కోపం లేదు. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు నడిచిన అంగన్‌వాడీల సమ్మెలో ఆవిడా రోడ్డు మీద కూర్చున్నారు. "జీతం సంగతి అటుంచమ్మా, మీ అందరి చేత కళ్లు మూయించి తెరిపించడమే ఇప్పుడు నా ఉద్యోగం" అన్నారు. నెల చివర తన ఇంటి నుంచి పది గుడ్లు పంపారు. అమ్మ వాటికి బదులుగా కొబ్బరికాయలు ఇచ్చింది.

మూడో నెల సందర్శన ఇక్కడే, జాబితా ప్రకారం, సరిగ్గా జరిగింది. ఆరో నెలది అత్తగారి ఊరిలో జరగాలి. ఐదో నెల రాగానే ప్రయాణానికి మంచిరోజు చూశారు. ఈసారి పది రోజుల ముందే నేను రెండు ఊళ్లకూ ఫోన్లు చేశాను. అవతలి ఆవిడ, "ఇక్కడి నుంచి వదిలించిన పేరే కదా, మళ్లీ నేనే తీసుకుంటాను, రా" అన్నారు. అంగన్‌వాడీలో కూడా మార్పించుకున్నాను. గోదావరికి నీరు వస్తే పంటు ఆపేస్తారని, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాల్సి ఉంటుందని మా ఆయన రోజూ రేవుకు వెళ్లి చూసి చెబుతున్నారు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం మా ఊరి ఆశా కార్యకర్త వచ్చారు. అది ఏ గడిలోనూ లేని రాక. సంచి కూడా తేలేదు, ఊరికే చూసి పోదామని. అమ్మే ఉండబట్టలేక అడిగింది, "త్రాసు తేలేదా? ఎంత ఉన్నాడో చూడకుండా పంపడమా?" అని. పిల్లాడు ఒకడు సైకిల్ మీద వెళ్లి సంచి తెచ్చాడు. వసారా దూలానికి కొక్కెం తగిలించి ఎత్తారు. ఆరు కిలోల వంద. వాడు జోలెలోంచి కాళ్లు బయటపెట్టి త్రాసు కేసి చూస్తున్నాడు. అమ్మ అంకె రెండుసార్లు చెప్పించుకుని, గుప్పెడు ఉప్పు తేవడానికి లోపలికి వెళ్లింది.