గుర్రం ఎక్కకుండానే
గుర్రం అంటే ఆర్కే బీచ్‌లో ఎక్కి ఫోటో దిగడమే అనుకునేదాన్ని. నిన్న గుర్రాల సాయంతో చేసే కౌన్సెలింగ్ కోసం వెళ్లి, భీమిలి దగ్గర తోటలో ఓ గోధుమరంగు గుర్రం పక్కన గంటసేపు ఊరికే నిలబడ్డాను. జీను కూడా లేదు. అమెరికాలో 1999లో మొదలైన ఈగాలా అనే ఇలాంటి చికిత్స పద్ధతిలోనూ స్వారీ ఉండదు, అంతా నేలమీదే.

తాడు పట్టుకుని రమ్మన్నాను. కదల్లేదు. "ఒంట్లో ఎక్కడ బిగుతుగా ఉందమ్మా?" అని కౌన్సెలర్ మేడమ్ అడిగేదాకా నా భుజాలు బిగుసుకున్నాయని నాకే తెలీదు. గట్టిగా ఊపిరి వదిలాను. దాని చెవి ఒకటి నావైపు తిరిగింది. తల దించి, పెదాలు నాక్కుంటూ ఒక్కడుగు వేసింది. వేటాడే జంతువుల్ని కనిపెట్టుకుంటూ బతికే జీవి కదా, మన ఒళ్లు బిగిస్తే ఇట్టే పసిగడుతుంది.

నాన్న పోయి ఎనిమిది నెలలు. ఆ వెచ్చటి మెడమీద చెయ్యేసి మొదటిసారి ఏడ్చాను. మేడమ్ ఏమీ అనలేదు. గుర్రం పక్కకి పోలేదు.