ఆ 279 ఎవరు?

మా పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ ఓ గంట డాలస్ పోలీస్ రేడియో వినడం నాకు అలవాటైపోయింది, ఇప్పటిది కాదు, 1963 నవంబర్ 22 నాటిది, అంటే అమెరికా ప్రెసిడెంట్ కెన్నెడీని డాలస్‌లో కాల్చి చంపిన రోజుది. మేముండేది డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో. ఆ హత్య కేసులో పట్టుబడ్డ ఆస్వాల్డ్ భార్యాపిల్లలు అప్పట్లో ఉన్న ఇల్లు ఈ ఊళ్ళోనే ఉంది, ఇప్పుడది మ్యూజియం, అక్కడికి వెళ్ళొచ్చిన రోజు నుంచే ఈ పిచ్చి పట్టుకుంది. కెన్నెడీని ఎవరు చంపారు అనే దాని మీద రాయడానికి లక్ష మంది ఉన్నారు, నాకు పట్టుకున్నది వేరే. ఆ రేడియోలో మాట్లాడిన పోలీసులు ఎవరెవరు?

ఎందుకంటే ఆ రేడియోలో పేర్లు దాదాపు వినపడవు, అన్నీ నంబర్లే. చీఫ్ జెస్సీ కర్రీ అంటే 1. పెట్రోల్ కార్లకి వాళ్ళు తిరిగే ఏరియా నంబరే పేరు, మన దగ్గర బీట్ అంటాం చూడండి అలాంటిది. మోటార్‌సైకిళ్ళకి మూడంకెల నంబర్లు. రెండు ఛానెళ్ళు ఉండేవి, రోజువారీ పనులకి ఒకటోది, ఆ రోజు ప్రెసిడెంట్ కాన్వాయ్‌కి రెండోది. ఒకటి డిక్టాబెల్ట్ అనే బెల్ట్ మీద, ఇంకోటి గ్రే ఆడోగ్రాఫ్ అనే మెషీన్ డిస్క్ మీద రికార్డ్ అయ్యేవి, పైగా ఎవరూ మాట్లాడకపోతే రికార్డింగ్ దానంతటదే ఆగిపోయేది, అందుకే టేప్ మీద గడిచిన టైమూ గడియారంలో టైమూ ఒకటి కావు. డిస్పాచర్, అంటే ఆఫీసులో కూర్చుని రేడియోలో కార్లని పంపించే పోలీసు, మధ్యమధ్యలో చదివే టైమే మనకి దిక్కు.

కొన్ని తేలిగ్గానే దొరుకుతాయి. కాల్పులు కాన్వాయ్ దారిలో ఉన్న స్కూల్ బుక్ డిపాజిటరీ బిల్డింగ్ నుంచే వచ్చాయని ఒకతను చెప్తున్నాడు అన్న 142 మోటార్‌సైకిల్ ఆఫీసర్ క్లైడ్ హేగుడ్, తర్వాత ఈ హత్య మీద వేసిన విచారణ సంఘం వారెన్ కమిషన్ ముందు తనే ఒప్పుకున్నాడు. ఇలా మనిషే వచ్చి అది నేనే అని చెప్తే ఇంక గొడవే లేదు.

కష్టం ఎక్కడంటే జె.డి. టిప్పిట్ దగ్గర, కెన్నెడీ మీద కాల్పుల తర్వాత గంటలోపే ఈయన్నీ కాల్చి చంపారు, ఈయన డాలస్ పోలీసు. ఆయన తిరిగే కారు మీద నంబర్ 10, రేడియోలో మాత్రం ఆయన 78. మధ్యాహ్నం 12:54కి డిస్పాచర్ 78ని పిలిచి ఓక్ క్లిఫ్ ఏరియాలోనే ఉన్నావా అని అడుగుతాడు, లాంకాస్టర్, ఎయిత్ వీధుల దగ్గరున్నా అంటాడు టిప్పిట్, ఏ ఎమర్జెన్సీ వచ్చినా వెళ్ళేలా రెడీగా ఉండు అని చెప్తారు, సరే అంటాడు. ఆ గొంతు మామూలుగానే ఉంటుంది. తర్వాత ఇరవై నిమిషాలకి టెన్త్ స్ట్రీట్‌లో దారినపోయే ఒకతను టిప్పిట్ కారులోని మైకు తీసుకుని ఇక్కడ కాల్పులు జరిగాయి, పోలీసాయన్ని కాల్చేశారు అని చెప్తాడు, కారు నంబర్ 10 అంటాడు. డిస్పాచర్ 78, 78 అని పిలుస్తాడు. జవాబు రాదు. డిస్పాచర్లలో ముర్రే జాక్సన్ టిప్పిట్‌కి దోస్తు కూడా. నేను ఆ ముక్క విన్న రోజు ఇంక ముందుకి వినలేకపోయాను.

ఇక్కడే అసలు చిక్కు. 1:08 ప్రాంతంలో, అంటే టిప్పిట్ చనిపోవడానికి కాస్త ముందు, ఎవరో డిస్పాచర్‌ని రెండుసార్లు పిలుస్తారు, ఎవరూ పలకరు. డాలస్ పోలీసులు 1964 మార్చిలో ఇచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్‌లో అది 78, ఎఫ్‌బీఐ వాళ్ళు అదే సంవత్సరం తర్వాత తయారుచేసిన దాంట్లో 488. టేప్ ఒకటే, చెవులే వేరు. 78 అయితే టిప్పిట్ చివరగా ఏదో చెప్పబోయాడు అన్నమాట, 488 అయితే ఆయనకి సంబంధమే లేదు. గరగరలో రెండు అంకెలు సరిగా వినపడకపోతే ఒక మనిషి చివరి నిమిషాల కథే మారిపోతుంది.

నంబర్ స్పష్టంగా వినపడినా సరే, మనిషి దొరికాడని కాదు. 550 కారు 2 అని ఒక నంబర్ ఉంది. 550 పర్సనెల్ బ్యూరో, అంటే సిబ్బంది విభాగం, కెప్టెన్ వెస్ట్‌బ్రూక్‌ది. సార్జంట్ జెరాల్డ్ హిల్ కమిషన్‌కి ఏం చెప్పాడంటే, నాకంటూ నంబర్ ఇవ్వలేదు, ఇంకెవరూ వాడరనుకుని అది వాడాను అని. సరే అనుకుంటే, అదే నంబర్ మీద ఉన్న ఇంకో మెసేజ్ చూపిస్తే అది నేను కాదు, స్ట్రింగర్ అనే ఇంకో పోలీసు అయ్యుంటాడు అన్నాడు! ఇద్దరు మనుషులు, ఒకే నంబర్. అందుకే నేను ఇప్పుడు నంబర్ చూసి పేరు రాసెయ్యను, గొంతు కలవాలి, ఆ టైముకి ఆ మనిషి అక్కడున్నాడని ఇంకెక్కడైనా ఉండాలి.

ఇక 279. టిప్పిట్‌ని చంపినవాడు విసిరేసిన జాకెట్ పెట్రోల్ బంక్ వెనక పార్కింగ్ స్థలంలో దొరికింది. వారెన్ కమిషన్ రిపోర్ట్ చదివితే అది కెప్టెన్ వెస్ట్‌బ్రూక్‌కి దొరికిందనే ఉంటుంది. వెస్ట్‌బ్రూక్ మాత్రం తన వాంగ్మూలంలో నిజానికి నేను కాదు, ఎవరో చూపించారు, బహుశా ఒక ఆఫీసర్ అని చెప్పాడు, పేరు తెలీదు. రేడియోలో మాత్రం జాకెట్ గురించి చెప్పింది 279. ఎఫ్‌బీఐ కాపీలో ఆ నంబర్ పక్కన ఎవరో తెలీదనే రాసి ఉంది. ఒక పోలీసుని చంపిన కేసులో అంత ముఖ్యమైన సాక్ష్యం, దాన్ని ముందు చూసిన మనిషి పేరు రిపోర్ట్‌లో లేదు, క్రెడిట్ పై ఆఫీసర్‌కి పోయింది. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. పరిశోధకులు కొందరు ఒక మోటార్‌సైకిల్ ఆఫీసర్ పేరు చెప్తారు, కావచ్చు కూడా, కానీ ఆ గొంతే వేరే చోట పేరుతో సహా నేను ఇంకా వినలేదు.

నా నోట్‌బుక్‌లో ఎడమవైపు నంబర్లు, కుడివైపు పేర్లు. 142కి పెన్నుతో రాశాను. 550 కారు 2కి రెండు పేర్లూ పెన్సిల్‌తో. 279 పక్కన ఖాళీ. ఈ రాత్రి ఒకటో ఛానెల్ 1:20 నుంచి మళ్ళీ మొదలుపెడుతున్నాను.