నంబరు ఇచ్చింది రిపేరు కోసమే

మా టెక్నీషియన్ ఒకతను వచ్చే వారం మానేస్తున్నాడు. మంచి కుర్రాడు, పెద్ద కంపెనీలో ఉద్యోగం దొరికింది, సంతోషమే. కానీ పొద్దున్నుంచీ నా ధ్యాసంతా అతని ఫోన్ మీదే ఉంది. మేం ఇళ్లకు వెళ్లి వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాం కాబట్టి కస్టమర్లు వాట్సాప్‌లో పంపేవి అన్నీ ఇన్నీ కావు. అడ్రసు, లొకేషన్, గేటు కోడ్, మధ్యాహ్నం అమ్మ ఒక్కతే ఉంటుంది అప్పుడు రండి అన్న మెసేజ్, అన్నీ అతని సొంత ఫోన్‌లోనే. అతని మీద అనుమానంతో కాదు ఈ టెన్షన్. ఫోనన్నాక పోవచ్చు, అమ్మేయొచ్చు, ఇంకెవరి చేతికైనా వెళ్లొచ్చు.

మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని అన్నీ తీసేయడం మొదలుపెట్టాం. ఒక ఫొటో దగ్గర ఆగిపోయాను. సింకు కింద నీళ్లు కారుతున్న పైపు అది, దాని వెనక గోడకి పిల్ల స్కూల్ ఐడీ కార్డు వేలాడుతోంది, పేరూ క్లాసూ చక్కగా చదవొచ్చు. ఆ తల్లి మాకు పంపింది పైపు ఫొటో మాత్రమే. గ్యాలరీలో డిలీట్ కొట్టగానే పోయిందనుకుంటాం గానీ గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, అక్కడ కూడా ఖాళీ చేయాలి. కాంటాక్టులైతే అతని సొంత జీమెయిల్‌కి సింక్ అయి ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటీ ఏరడానికే సాయంత్రమైంది.

వాట్సాప్‌లో 2016 నుంచీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, భయమెందుకు అంటారు చాలామంది. అది మెసేజ్‌ని దారిలో ఎవరూ చదవకుండా చూస్తుంది, అంతవరకే. చేరాక ఆ ఫోన్ తెరిచిన వాళ్లకి అంతా కనిపిస్తుంది. క్లౌడ్ బ్యాకప్‌కి అలాంటి రక్షణ పెట్టుకునే వీలు 2021లో వచ్చింది గానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి, ఎంతమంది చేసుకుంటారు?

ఈ హడావిడిలోనే స్పేర్ పార్టులు పంపే సప్లయర్ నుంచి మెయిల్, మా బ్యాంకు అకౌంట్ మారింది, ఇకపై డబ్బు కొత్త దానికి వేయండి అని. పాత బిల్లు నంబర్లతో సహా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెయిల్లో ఉన్న నంబరుకి కాకుండా మా దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేస్తే పాపం ఆయన కంగారుపడిపోయాడు, వాళ్ల మెయిల్ పాస్‌వర్డ్ ఎవరి చేతికో వెళ్లిందట. మా బిల్లులు వాళ్ల ఇన్‌బాక్స్‌లో ఉన్నట్టే మా కస్టమర్ల ఇళ్ల సంగతులు మా ఫోన్లలో ఉన్నాయి కదా అనిపించి ఒళ్లు జలదరించింది.

చిన్నవాళ్లం, మన డేటా ఎవరికి కావాలి అనే మాట నాకు అస్సలు నచ్చదు. యూరప్‌లో 2018లో అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అవసరమైనంతే అడగాలి, అవసరం తీరాక ఉంచుకోకూడదు అని ఉంది. నలుగురు పనిచేసే చోటికీ ఆ సూత్రం వర్తిస్తుంది. అసలు చట్టం చెప్పాల్సిన పనేముంది, మన ఇంటి గేటు కోడ్ ఇంకొకరి ఫోన్‌లో ఏళ్ల తరబడి ఉంటే మనం ఊరుకుంటామా?

కొత్తగా వచ్చే అతనికి ఆఫీసు ఫోనే ఇస్తున్నాం, వ్యాపారం నంబరు మీదే వాట్సాప్, దానికి టూ స్టెప్ పిన్, అంటే ఆ నంబరుతో వాట్సాప్‌ని వేరే ఫోన్‌లో తెరవాలంటే అదనంగా అడిగే పిన్. కస్టమర్ చాట్‌లకి 90 రోజుల్లో మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ పెడతాం, బిల్లు మాత్రం విడిగా దాస్తాం.

మా పార్ట్‌నర్‌కి వేరే ఆలోచన ఉంది. ఎలాగూ నంబర్లన్నీ ఒకచోటికి చేర్చాం కదా, అందరికీ ఆఫర్ల మెసేజ్ కొడదాం అంటాడు. ఆఫర్లు కావాలా అని ముందు అడుగుదాం, సరేనన్న వాళ్లకే పంపుదాం అన్నాను. అలా అడిగితే సగంమంది వద్దంటారని వాదించాడు. వద్దంటే మానేద్దాం అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు, రేపు మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడాలి.